దొరగారి పాత టోపీ

లెసిబా ఎడమచేతి పిడికిలి మీద టోపీని మరో చుట్టు తిప్పాడు. కుడిచేతిలో మఖ్మల్ గుడ్డ చుట్టిన మెత్త ఉంది. అది అంచు దగ్గర మొదలై, ఒకే దిక్కుకు, ఒకే బరువుతో, ఎక్కడా ఆగకుండా పైదాకా పోతోంది. పట్టు టోపీ మీద నూగు పిల్లి వీపు మీది బొచ్చులాంటిది. ఎటు పడుకొని ఉంటే అటే నిమరాలి. బొటనవేలు ఒక్కసారి ఎదురు పోయిందంటే నల్లటి మెరుపు మధ్య బూడిదరంగు చార లేచి కూర్చుంటుంది. ఎండలో ఆ చారను వీధి అవతల నిలబడ్డవాడు కూడా పట్టేస్తాడు. పనిలో చేరిన మొదటి ఏడు లెసిబా తెలియక అలాగే రుద్దాడు. ఆనాడు దొరసాని పెట్టిన చీవాట్లు అతనికి ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తే. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లలో అతని వేలు మళ్లీ దారి తప్పలేదు.

ఉదయం ఆరు కావస్తోంది. రాత్రి కురిసిన వానకు తోటలో చెట్లు ఇంకా బొట్లు రాలుస్తున్నాయి. ఇస్త్రీగది నిండా తాళాలు బిగించిన పెట్టెలు, సంచులు చుట్టిన కుర్చీలు, గడ్డి కుక్కిన పింగాణీ బుట్టలు. ఏటా జనవరిలో ఈ ఇల్లు మొత్తం మూటాముల్లే సర్దుకొని ప్రిటోరియా వదిలి వెయ్యి మైళ్ల అవతలున్న కేప్‌టౌన్‌కు పోతుంది. పార్లమెంటు అక్కడ. జూన్ చివర మళ్లీ అవే పెట్టెలతో వెనక్కి వస్తుంది. ఆఫీసులు ఒక రాజధానిలో, పార్లమెంటు మరో రాజధానిలో కాబట్టి మంత్రిగారికి రెండు ఇళ్లు, రెండు తోటలు. నౌకరుకు మాత్రం రెండుచోట్లా ఒకే రకం వెనకగది. ఇనుపమంచం, గోడకో మేకు, అందనంత ఎత్తున ఓ కిటికీ.

ఈ ఏడు హడావిడి మరీ ఎక్కువ. ఇంతకాలం మంత్రిగా ఉన్న లాటెగన్ దొర ఇప్పుడు రాష్ట్రపతి కాబోతున్నాడు. పార్టీ పెద్దలంతా ఒక్కమాట మీద ఆయన పేరు ఖాయం చేశారు. వచ్చే వారం కేప్‌టౌన్‌లో ప్రమాణం. అందుకోసం లండన్ నుంచి కొత్త టోపీ వచ్చింది. లెసిబా పిడికిలి మీద ఉన్నది అదే. పాతది పక్కనే బల్లమీద దాని పెట్టెలో ఉంది. పంతొమ్మిది పార్లమెంటు ప్రారంభోత్సవాలు చూసిన టోపీ అది.

లెసిబాకు యాభై ఎనిమిదేళ్లు. సన్నగా పొడుగ్గా ఉంటాడు. పెట్టెలెత్తీ ఎత్తీ కుడిభుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగిపోయింది. గోళ్ల చుట్టూ ఏ సబ్బుకూ లొంగని బూట్ల మైనం. మోకాళ్ల దాకా తెల్లలాగు, తెల్లచొక్కా, రెండింటి అంచులకూ ఎర్రగుడ్డ. బడిపిల్లాడికి తొడిగే బట్టల్లాంటివి. తల నెరిసిన మనిషి వాటిలోనే అతిథులకు కాఫీ అందించాలి. ఇంట్లో అతని పేరు పెట్రుస్. అతనికన్నా ముందు పనిచేసినవాడి పేరది. ముందువాడి చొక్కాలు ఇచ్చినట్టే పేరు కూడా ఇచ్చారు. మరో పేరు నోటికి అలవాటు చేసుకోవడం ఇంటివాళ్లకు కష్టమట.

"ఏం పెట్రుస్ మహారాజా! రాష్ట్రపతిగారి టోపీ తలకెక్కిందా, పిలిస్తే పలకవు?"

కిటికీ బయట మటోమె. పక్కింటి మంత్రిగారి వంటవాడు. లెసిబాకన్నా పదిహేనేళ్లు చిన్న, కొలిచి మాట్లాడటం రాని మనిషి.

"మెల్లగా అరువు. దొర లేస్తాడు."

"లేవనీ అన్నా. లేచి దేశాన్ని ఏలుకోనీ. నువ్వు మాత్రం ఇది చూడు." మటోమె చొక్కాజేబులోంచి పాసు తీసి కిటికీ చువ్వల మధ్య నుంచి లోపలికి పెట్టాడు. పదహారేళ్లు దాటిన ప్రతి నల్లమనిషీ నిద్రలో కూడా ఒంటిమీద ఉంచుకోవాల్సిన పుస్తకం. అందులో ఓ పేజీ మీద ఊదారంగు సిరాతో గుండ్రటి ముద్ర. "మొన్న వేశారు. పదేళ్లు ఒకచోటే పనిచేసినవాడికి వేసే ముద్ర. ఇక నన్నీ ఊళ్లోంచి కదిలించేవాడు లేడు. మా ఆవిడ వచ్చే నెలే వచ్చి ఇంట్లో దిగుతోంది, నేను జూన్‌లో కలుస్తాను."

లెసిబా ఆ ముద్రను చాలాసేపు చూశాడు. తాకలేదు. చేతికి మైనం ఉంది.

"నీకు పదేళ్లు నిండాయా?"

"పదకొండు. నీకు పంతొమ్మిది. నువ్వింకా ఇక్కడ నిలబడి టోపీలు నిమురుతున్నావంటే నిన్నేమనాలి? నల్లవాళ్ల పేట మమెలోడిలో ఆ రెండు గదుల ఇల్లు నీకోసం ఇవాళ సాయంత్రం దాకా ఆపి ఉంచుతానన్నాడు అక్కడి గుమాస్తా. ముద్ర చూపిస్తేనే పేరు రాస్తాడు. నాలుగింటికి రైలెక్కామంటే మళ్లీ జూన్. అప్పటికి దాన్లో ఎవడో కాపురం పెట్టేసి ఉంటాడు."

"దొరసానిని అడిగి ఇవాళే పోతాను."

"పో. పోయి వచ్చి నాకు బీరు పొయ్యి."

లెసిబా చొక్కా లోపలి జేబులో రెండు మడతల కాగితం ఒకటుంది. భార్య రైసిబె సెకుకునే కొండల్లోని సొంతూరి నుంచి బడిపంతులు చేత రాయించి పంపిన ఉత్తరం. పెళ్లయి ముప్పై రెండేళ్లు. ఏడాదికి రెండు వారాల చొప్పున, ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్న కాలమంతా కలిపినా రెండేళ్లు నిండలేదు. క్రిస్మస్‌కు వెళ్లినప్పుడు అతనే చెప్పాడు: ఈ ఏడు ముద్ర తప్పకుండా పడుతుంది, నువ్వు సర్దుకో అని. ఎందుకు చెప్పాడో ఏమో, ఆమె మోకాళ్లు పట్టుకొని లేవడం చూసి నోరు జారాడు. ఆమె సర్దుకుంది. మేకలన్నీ అమ్మేశాననీ, పాత్రలు అక్కకు ఇచ్చేశాననీ, ఫిబ్రవరిలో బస్సెక్కి, జూన్‌లో అతనొచ్చేదాకా కొత్త ఇల్లు చూసుకుంటాననీ రాయించింది. మేకలమ్ముకున్న ఆడమనిషి ఇక ఆ కొండల్లో ఏం పెట్టుకొని బతుకుతుంది?

ఎనిమిది గంటలకు దొరసాని తన రాతబల్ల దగ్గర కూర్చుంది. హెస్టర్ లాటెగన్ ఎంత పద్ధతైన మనిషో ఆ పేటలో మంత్రుల భార్యలందరికీ తెలుసు. ఉప్పుడబ్బా మీద ఉప్పు అని రాసి ఉంటుంది. నౌకర్ల పాసుల విషయంలోనైతే చెప్పనక్కర్లేదు. మిగతా ఇళ్లల్లో ఇల్లాళ్లు ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు ఓ గీత గీకి పారేసేవారు. మటోమె దొరసాని అసలు ఆ పుస్తకమే తెరిచేది కాదు. ఈమె అలా కాదు. ఏ నగరంలో పనిచేసేవాడికి ఆ నగరంలోనే నమోదు ఉండాలని చట్టం చెప్పింది కదా. అందుకని ప్రతి జనవరిలో బయల్దేరే రోజు ప్రిటోరియా పేజీలో 'తొలగించడమైనది' అని రాసి తేదీ వేసి సంతకం పెడుతుంది. కేప్‌టౌన్‌లో దిగగానే 'చేర్చుకోవడమైనది' అని రాస్తుంది. జూన్‌లో అక్కడ తొలగిస్తుంది, ఇక్కడ చేర్చుకుంటుంది. ముత్యాల్లాంటి రాత.

ఇవాళ కూడా రాసింది. అద్దుడు కాగితం అద్ది, పుస్తకం మూసి ఇవ్వబోతుంటే లెసిబా నోరు విప్పాడు.

"అమ్మగారూ, పాసాఫీసు దాకా పోయొస్తాను. పదేళ్ల ముద్ర అడుగుదామని."

దొరసాని ముఖం విప్పారింది. "ఇన్నాళ్లూ అడగలేదా? పిచ్చివాడా! పంతొమ్మిదేళ్లు! నీకు కాకపోతే ఇంకెవరికి వేస్తారు ముద్ర? ఉండు, ఉత్తరం రాసిస్తాను." అప్పటికప్పుడు ఒక పేజీ నిండా రాసింది. నిజాయితీపరుడు, తాగడు, దైవభక్తి గలవాడు, పిల్లలు ఇతని చేతుల్లో పెరిగారు అని. చివర్న కళ్లు తుడుచుకుంది కూడా. "పదకొండుకల్లా వచ్చెయ్. దొర కోటు తొడిగి చూసుకోవాలి."

ఆ కన్నీళ్లు నిజమే, ఉత్తరమూ నిజమే. అంతకు రెండు నిమిషాల ముందు అదే కలంతో ఏం రాసిందో మాత్రం ఆమెకు తెలియదు.

పాసాఫీసు ముందు వరస మలుపు తిరిగి వీధి చివరిదాకా ఉంది. రెండు చిన్న పెట్టెలు బండిలోకి ఎత్తి వచ్చినందుకే లెసిబా ఎడమచెయ్యి బరువెక్కి లాగుతోంది. చెమట చల్లగా పట్టింది. గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ముందున్న మనిషి ఎవరో అపరిచితుడు, మాట కలిపాడు.

"ఎవరి దగ్గర పని?"

"లాటెగన్ దొర."

"అమ్మ బాబోయ్! అయితే నువ్విక్కడ నిలబడ్డమేంటి తాతా? నీ దొర ఈ ఆఫీసు గోడ మీద పటంలో ఉన్నాడు. ఆ పటాన్నే ముద్ర వెయ్యమను!" చుట్టూ నలుగురు నవ్వారు. లెసిబా కూడా నవ్వాడు. అతనికి ఆ నవ్వులో కొంచెం గర్వం కూడా ఉంది. అదే నిజం, దాచడమెందుకు.

లోపల చెక్క కౌంటరు అవతల, లెసిబాకు రాని ఇంగ్లీషులో మాట్లాడే తెల్ల ఆఫీసరు, అతని మోచేతి పక్కన దుబాసీ మొలెఫె. మెడకు టై, చొక్కా కాలరు నలిగి ఉంది. ఆఫీసరు ముందు ఉత్తరం చదివాడు, కనుబొమలు ఎత్తాడు, కుర్చీలో కాస్త సర్దుకున్నాడు. తర్వాత పుస్తకం తెరిచాడు. పేజీ వెనక పేజీ తిప్పుతుంటే అతని పెదాలు కదిలాయి. ఏదో అన్నాడు.

"ఇంత శుభ్రంగా నింపిన పుస్తకం తన ఉద్యోగంలోనే చూడలేదంటున్నాడు," అన్నాడు మొలెఫె.

"దొరసాని రాసింది," అన్నాడు లెసిబా.

ఆఫీసరు ఇంకేదో అన్నాడు. ఈసారి మొలెఫె వెంటనే తర్జుమా చెయ్యలేదు. పుస్తకాన్ని తనవైపు తిప్పుకొని, వేలు పెట్టి తనూ చూశాడు.

"పెద్దాయనా, నిన్ను పనిలోంచి ఎన్నిసార్లు తీశారు?"

"నన్నా? ఒక్కసారి కూడా తియ్యలేదు. పంతొమ్మిదేళ్లు."

"ఇందులో ముప్పై ఏడుసార్లు తీశారు. ముప్పై ఏడోది ఇవాళ పొద్దున్న. సిరా ఇంకా వాసనేస్తోంది."

"అది ఊరు మారడానికి రాసేది నాయనా. దొర అటు పోతే నేనూ అటు పోవాలి గదా."

మొలెఫె గొంతు తగ్గించాడు. "పదేళ్లు అంటే ఒకే యజమాని దగ్గర, ఒకే ఊళ్లో, తెగకుండా పదేళ్లు. నీది ప్రతి ఆరు నెలలకీ తెగింది. నువ్వెక్కడా ఏడు నెలలకు మించి లేవు. ఈ పుస్తకం ప్రకారం నీకన్నా నిలకడలేని మనిషి ప్రిటోరియాలో లేడు. నువ్వు ఏ చిల్లర కొట్టువాడి దగ్గరో ఉండాల్సింది. వాడికి రాయడమే వచ్చుండేది కాదు."

"ఉత్తరం ఉంది గదా?"

మొలెఫె అడిగాడు. ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. అతని ముఖంలో దురుసు ఏమీ లేదు, మొహమాటపడుతున్నట్టే ఉన్నాడు. గోడమీది పటం వైపు ఓసారి చూసి చిన్నగా ఏదో చెప్పాడు.

"ఈ నిబంధన రాసింది మీ దొరేనట. తను మార్చలేనంటున్నాడు. ఆ 'తొలగించడమైనది' అన్నవి ఊరికే రాసినవి, నిజంగా తియ్యలేదు అని మీ దొర ఓ కాగితం రాసిస్తే మాత్రం సాయంత్రం నాలుగింటిలోగా ముద్ర వేస్తాడట." మొలెఫె పుస్తకం వెనక్కి నెట్టాడు. "ఒక్క ముక్క చాలు పెద్దాయనా. పరుగెత్తు."

లెసిబా పరుగెత్తలేదు, పరుగెత్తే ఓపిక లేదు. కానీ దారంతా అతనికి గుండె తేలిగ్గానే ఉంది. ఒక్క ముక్క. దొర చేతికి అదెంత పని? రోజుకు రెండొందల కాగితాల మీద సంతకం పెట్టే చెయ్యి అది. ఊళ్లకు ఊళ్లను లేపి లారీల్లో వేసి పంపించిన చెయ్యి.

నడుస్తుండగా ఓ సాయంత్రం గుర్తొచ్చింది. పధ్నాలుగేళ్ల కిందటి మాట. భోజనాల బల్ల మీద కాగితాలు పరచుకొని దొర, ఇంకో నలుగురు కూర్చున్నారు. లెసిబా కాఫీ పోస్తున్నాడు. ఎవరో, తొమ్మిదిన్నరేళ్లు చేసినవాడి సంగతేంటి అన్నారు. దొర బల్ల మీద చరిచి, 'పదేళ్లంటే పదేళ్లే. ఒక్కరోజు తెగినా తెగినట్టే. లేకపోతే గట్టు తెగిపోతుంది' అన్నాడు. ఆ మాటకు కప్పులో కాఫీ తొణికితే లెసిబా గబగబా గుడ్డతో తుడిచాడు. తుడిచింది ఆ కాగితం అంచునే. నిబంధన తడవకుండా కాపాడింది తనేనని ఇప్పుడు తెలిసింది.

లాటెగన్ దొర నిలువుటద్దం ముందు చేతులు చాపి నిలబడ్డాడు. భారీ మనిషి, ఎర్రటి మెడ, ఆదివారం చర్చిలో పెద్దల వరసలో కూర్చొనే మనిషి. గొంతులో ఎప్పుడూ ఓ దగ్గరితనం ఉంటుంది. లెసిబా వెనక నుంచి పొడుగు కోటు తొడిగాడు, భుజాలు సరిచేశాడు, మోకాళ్ల మీద కూర్చొని తోకలు సమంగా ఉన్నాయో లేదో చూశాడు. అక్కణ్నుంచే, నేలమీద నుంచే అడిగాడు. పంతొమ్మిదేళ్లలో అతను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

దొర అంతా విన్నాడు. మధ్యలో ఆపలేదు.

"లే పెట్రుస్. కూర్చొని చెప్పొద్దు." అద్దంలోంచే చూశాడు. "నువ్వు మా ఇంటి మనిషివి. నా పిల్లలకు సైకిలు నేర్పినవాడివి. నీకు నేను చెయ్యకపోతే ఎవరికి చేస్తాను చెప్పు?"

రాతబల్ల దగ్గరికి వెళ్లాడు. కాగితం లాక్కున్నాడు. కలం మూత తీశాడు. లెసిబా చొక్కా మీద నుంచే భార్య ఉత్తరాన్ని అదిమి పట్టుకున్నాడు. మమెలోడి ఇంటి వాకిట్లో రైసిబె నీళ్లు చల్లుతున్నట్టు ఓ క్షణం కళ్ల ముందు ఆడింది.

కలం కాగితం మీద ఆగింది.

"ఇప్పుడు నేనిది రాస్తే," అన్నాడు దొర నెమ్మదిగా, "ఏం రాసినట్టవుతుంది? నా భార్య ప్రభుత్వ పుస్తకంలో ముప్పై ఏడుసార్లు అబద్ధం రాసిందని రాసినట్టు. వచ్చేవారం ప్రమాణం. ఆ ఇంగ్లీషు పత్రికలవాళ్ల చేతికి ఈ కాగితం చిక్కిందంటే నా పరువేం కావాలి? హెస్టర్ పరువేం కావాలి?"

"దొరా, అమ్మగారు మంచికే రాశారు. కానీ అది నిజం కాదు గదా. నన్నెప్పుడు తీశారు? రైల్లో కూడా మీ బూట్లు తుడుస్తూనే ఉన్నాను."

దొర నవ్వబోయి మానేశాడు. కలానికి మూత పెట్టాడు. ఆ మూత బిగిసిన చప్పుడు చిన్నదే.

"నిజమే పెట్రుస్. కానీ పుస్తకంలో ఏది ఉంటే అదే నిజం. ఈ దేశం అలా నిలబడింది. నా ఇంటి వాడికొక న్యాయం, బయటివాడికొక న్యాయం అని నేనే మొదలుపెడితే ఇక నేనెవరికి సమాధానం చెప్పగలను? దేవుడికి చెప్పగలనా?" నిజంగానే బాధపడ్డాడాయన. కళ్లల్లో నీటిపొర కూడా కనిపించింది. ఆ ఇంట్లో ఇద్దరికీ కన్నీళ్లకు కరువు లేదు. "నీ భార్యకు అక్కడ గాలి మంచిది. సొంత మనుషుల మధ్య ఉంది. ఇక్కడ ఇరుకు గదుల్లో ఏం సుఖపడుతుంది?"

లెసిబా దొర ఒంటి మీది కోటు విప్పి, మడత పడకుండా పెట్టెలో పరిచాడు. తలుపు దాకా వెళ్లాక దొర పిలిచాడు.

"ఆగు. ఆ పాత టోపీ నువ్వే ఉంచుకో. నాకింక అక్కర్లేదు. నువ్వు చూసుకున్నంత శ్రద్ధగా దాన్ని ఎవరూ చూసుకోలేదు."

ఇంటికోసం ముద్ర అడిగిన మనిషికి రాష్ట్రపతి కాబోయే మనిషి ఇచ్చింది టోపీ. లెసిబా రెండు చేతులూ చాపి పుచ్చుకున్నాడు, ఆచారం ప్రకారం. కృతజ్ఞత కూడా చెప్పాడు. చెప్పినందుకు తన నోటిని తనే కొట్టుకోవాలనిపించింది.

రైలు నాలుగింటికి. పెట్టెలన్నీ మూడున్నరకల్లా సామాను బోగీలోకి ఎక్కించాలి. ఆకాశంలో నల్లమబ్బు దిగుతోంది, ఊపిరాడని ఉక్క. లెసిబా పెట్టె వెనక పెట్టె అందించాడు. ఎడమచెయ్యి ఇప్పుడు తనది కానట్టుంది. కొత్త టోపీ ఉన్న పెట్టెను తీసుకెళ్లి దొరవారి బోగీ తలుపు దగ్గర కార్యదర్శి చేతికిచ్చాడు. ఏటా దొర టోపీపెట్టెను ఒళ్లో పెట్టుకొని వెయ్యి మైళ్లూ కూర్చొనేవాడు. ఈసారి రాష్ట్రపతి టోపీ కాబట్టి దాని ప్రయాణం పైతరగతిలో.

నల్లవాళ్ల బోగీ ఇంజను పక్కన, ప్లాట్‌ఫారం చిట్టచివర. అక్కడున్న బెంచీ మీద కూర్చున్నాడు. మటోమె మూట భుజాన వేసుకొని వచ్చి అతని ముఖం చూశాడు.

"పడలేదా?"

"తెగిందట. ముప్పై ఏడుసార్లు."

మటోమెకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఉమ్మేశాడు. "మా దొరసానికి ఒళ్లు బద్ధకం. ఆ బద్ధకమే నాకు కాపురం పెట్టించింది. నీ దొరసాని చేతికి ఏ గజ్జి పుట్టినా బాగుండేదన్నా!"

లెసిబా నవ్వాడు. నవ్వితే ఎదలో ఏదో పట్టుకుంది, నవ్వు అక్కడే ఆగింది.

"రైసిబెకు ఉత్తరం రాయాలి మటోమె. మేకలమ్మేసింది."

"రైల్లో రాద్దాం. రెండురోజుల దారి. ఉండు, నీకు కాసిని నీళ్లు తెస్తాను. ముఖం చూడు, బూడిద పూసినట్టుంది."

మటోమె కుళాయి వైపు వెళ్లాడు. లెసిబా పక్కనున్న టోపీపెట్టె మూత తీశాడు. పాత టోపీ. తన టోపీ. ఈ ఒంటి మీద చొక్కా తనది కాదు, పిలిచే పేరు తనది కాదు. ఇది మాత్రం తనది. ఎడమ పిడికిలి లేవలేదు, అందుకని ఒళ్లోనే పెట్టుకున్నాడు. కుడిచేతి బొటనవేలు అలవాటుగా అంచు మీద ఆనింది. దాన్ని పైకి తీసుకెళ్లి, పై నుంచి కిందికి, ఎప్పుడూ పోని దిక్కుకు, గట్టిగా అదిమి లాగాడు. వేలి కింద నూగు గరగరలాడుతూ లేచింది. ఎలా ఉంటుందో పద్దెనిమిదేళ్లుగా అతనికి తెలియదు. ఆ చారను చూశాడు. తర్వాత టోపీని పెట్టెలో పెట్టి, మూత సరిగా బిగించి, పెట్టెను పక్కన పెట్టి, గోడకు తల ఆన్చాడు.

మటోమె నీళ్లు తెచ్చేసరికి అతను అలాగే కూర్చొని ఉన్నాడు. రెండుసార్లు అన్నా అని పిలిచాడు. మూడోసారి లెసిబా అని పేరు పెట్టి పిలిచాడు. ఆ స్టేషనులో ఆ పేరు వినిపించడం అదే మొదలు.

రైల్వే పోలీసులిద్దరు వచ్చారు. దొరసానికి కబురు వెళితే ఆమె చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకొని ప్లాట్‌ఫారం ఆ చివరిదాకా నడిచొచ్చింది. మంత్రుల భార్యలెవరూ అడుగుపెట్టని చివర అది. పెట్రుస్, పెట్రుస్ అని వెక్కి వెక్కి ఏడ్చింది. పోలీసు జమాదారు చనిపోయినవాడి జేబులోంచి పాసు తీసి తిప్పాడు, చివరి గీత దగ్గర ఆగాడు, ముఖంలో గౌరవం తెచ్చుకున్నాడు.

"అమ్మగారు కంగారుపడనక్కర్లేదు. ఇతన్ని ఇవాళ పొద్దున్నే తొలగించేశారు. తేదీ ఉంది, సంతకం ఉంది. మీకు దీంతో సంబంధం లేదు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. మీరు రైలెక్కండి."

దొరసాని ఏడుపు ఒక్క క్షణం ఆగింది. ఏదో చెప్పబోయింది. ఇతను మా మనిషి అని చెప్పబోయిందేమో. అలా చెబితే ఆ రాసింది తప్పవుతుంది. ఆమె కళ్లు తుడుచుకొని, చనిపోయినవాడి భుజాన్ని వేళ్ల కొసలతో తాకి, వెనక్కి నడిచింది.

నాలుగింటికి రైలు కదిలింది. ఎక్కకపోతే మటోమెకు పని పోతుంది, పనితో పాటు ముద్ర పోతుంది. ఎక్కాడు. ముద్ర ఉన్న జేబును చేత్తో మూసుకొని కిటికీలోంచి వెనక్కి చూస్తూనే ఉన్నాడు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి లాటెగన్ దొరవారి ఇల్లు పెట్రుస్ లేకుండా కేప్‌టౌన్‌కు బయల్దేరింది. ముందువాడి పేరు ఇతనికి ఇచ్చినట్టే ఇతని పేరును అక్కడ ఇంకెవడికో ఇస్తారు. శవాన్ని గోనెగుడ్డ కప్పిన తోపుడుబండి మీద సామాన్ల దారిన తీసుకుపోయారు. పని పోయిన నల్లమనిషి మూడు రోజుల్లో ఊరు వదలాలి. ఆ పుస్తకం ప్రకారం అతనికి ప్రిటోరియాలో ఉండటానికి ఇంకా రెండున్నర రోజుల గడువు ఉంది.

వాన మొదలయ్యాక ప్లాట్‌ఫారం ఊడ్చేవాడు వచ్చి, బెంచీ మీద మిగిలిన గుండ్రటి తోలుపెట్టె మూత తీసి చూశాడు. లోపల నల్లటి పట్టు టోపీ, అద్దంలా మెరుస్తూ, దాని మీద పై నుంచి అంచుదాకా బొటనవేలంత వెడల్పున ఒక బూడిదరంగు చార.